అర్థంకాని పేరాను ఏఐకి ఇస్తే: ఫార్మా క్యూఏలో చాలాకాలం వాడాక నా రివ్యూ

హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు పదార్థం) ఫ్యాక్టరీలో, క్వాలిటీ అస్యూరెన్స్‌లో (క్యూఏ) పనిచేస్తాను. ప్లాంటులో ఏం జరిగిందో రాసిన కాగితాలు చదవడం, సరిచేయించడం, సంతకం పెట్టడం నా పని. డీవియేషన్ రిపోర్టులు (పద్ధతికి తేడా వచ్చినప్పుడు రాసేవి), ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో స్టెప్పులుగా చెప్పే కాగితాలు), కస్టమర్ కంప్లయింట్లకు జవాబులు, ఆడిట్‌లో వచ్చిన అబ్జర్వేషన్లకు జవాబులు, వీటన్నిటి చుట్టూ తిరిగే మెయిళ్లు. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఇలాంటి టూల్స్‌తో పేరాలు తిరగరాయిస్తున్నాను. మొదట్లో ఇంటి దగ్గర కల్పిత ఉదాహరణలతో, కంపెనీ లైసెన్స్ తీసుకున్నాక ఆఫీసు సిస్టమ్‌లో. ఈలోగా టూల్స్ మారాయి, వెర్షన్లు మారాయి. కాబట్టి ఫలానా బ్రాండ్ మంచిదా కాదా అని ఇక్కడ చెప్పను. ఈ పనికి ఇవి ఎంతవరకు పనికొస్తాయో చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేరాను చదవడానికి వీలుగా తిరగరాయడంలో ఇవి బాగున్నాయి. ఆ పేరాలో ఏం రాయకుండా వదిలేశామో బయటపెట్టడంలో ఇంకా బాగున్నాయి. మా ఆఫీసులో చాలామంది మొదటిదానికే వాడతారు. రెండోదానికి వాడితేనే అసలు లాభం అని నా గట్టి నమ్మకం.

మా రిపోర్టులు ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ రాసేవాళ్ల ఆలోచన తెలుగులో నడుస్తుంది. గమనించడం జరిగింది, తెలియజేయడం జరిగింది, సరిచేయడం జరిగింది అనే మన ఆఫీసు ధోరణి ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది. రాత్రి షిఫ్ట్ చివర్లో రాసిన ఒక పేరా తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘డ్రైయర్ టెంపరేచర్ పరిమితి దాటినట్టు గమనించడం జరిగింది. సంబంధిత వ్యక్తులకు తెలియజేసి తగిన చర్య తీసుకోవడం జరిగింది.’ ఎవరు గమనించారు? ఎన్ని గంటలకు? పరిమితి ఎంత, ఎంతకు పోయింది? ఎవరికి చెప్పారు? ఆ తగిన చర్య ఏమిటి? లోపల ఉన్న మెటీరియల్‌ను ఏం చేశారు? రాసినాయనకు ఇవన్నీ తెలుసు. తెలుసు కాబట్టే రాయాలని తోచలేదు.

ఈ పేరాను ఏఐకి ఇచ్చి ‘స్పష్టంగా రాయి’ అంటే వచ్చేది ఇలా ఉంటుంది: ‘షిఫ్ట్ ఆపరేటర్ టెంపరేచర్ పెరుగుదలను గుర్తించి వెంటనే సూపర్‌వైజర్‌కు తెలిపారు. సూపర్‌వైజర్ హీటింగ్ ఆపించి టెంపరేచర్‌ను పరిమితిలోకి తెచ్చారు.’ చదవడానికి హాయిగా ఉంది. సంతకం పెట్టేయాలనిపిస్తుంది. కానీ చూసింది ఆపరేటరే అని మనం చెప్పలేదు. అలారం మోగి ఉండొచ్చు, ఇంజినీరింగ్ వాళ్లు అటు వెళ్తూ చూసి ఉండొచ్చు. ‘వెంటనే’ అని మనం అసలే చెప్పలేదు. రేపు ఆడిటర్ టెంపరేచర్ గ్రాఫ్ తెప్పించుకుని చూస్తే, పరిమితి దాటిన సమయానికీ హీటింగ్ ఆపిన సమయానికీ మధ్య నలభై నిమిషాలు కనిపించిందనుకోండి. అప్పుడు ఆ ఒక్క మాట వల్ల రిపోర్టు మొత్తం అబద్ధం కింద లెక్క.

ఇంకెక్కడైనా ఇది చిన్న విషయమే కావచ్చు. మా రంగంలో కాదు. బల్క్ డ్రగ్స్ తయారీకి ప్రామాణికమైన ఐసీహెచ్ క్యూ7 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం, నిర్ణయించిన పద్ధతికి ఏ కొంచెం తేడా వచ్చినా రాసి పెట్టాలి, వివరించాలి. తేడా కీలకమైనదైతే దర్యాప్తు చేయాలి. చేరిన మొదటి వారంలోనే మాకు ఆల్కోవా అనే రికార్డుల సూత్రాలు నేర్పిస్తారు: రికార్డు ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాసి ఉండాలి, అసలుదై ఉండాలి, జరిగినదానికి సరిపోవాలి. భాష నున్నగా ఉందా అని అందులో ఎవరూ అడగరు. ఈ మందు ఎక్కడో ఒక మనిషి కడుపులోకి వెళ్తుంది. దాని తయారీలో ఏం జరిగిందో చెప్పే కాగితంలో ఊహకు చోటుండకూడదు.

అందుకే ఇప్పుడు మా టీమ్‌లో వాడే పద్ధతి వేరు. మొదట తిరగరాయొద్దనే చెబుతాం. ‘ఈ ఘటన గురించి ఏమీ తెలియని ఆడిటర్‌గా ఈ పేరా చదువు. నీకు వచ్చే ప్రశ్నలు మాత్రమే అడుగు’ అంటాం. ఇక్కడ ఈ టూల్స్ పనితనం చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. మనిషైతే మొహమాటపడి వదిలేసే ప్రశ్నలు కూడా అడుగుతుంది. అదే డ్రైయర్‌లో అంతకుముందు బ్యాచ్ సంగతేమిటి, ఆ థర్మామీటర్ క్యాలిబ్రేషన్ ఎప్పుడు అయింది, మెటీరియల్‌ను విడిగా పెట్టారా అని. ఆ ప్రశ్నలు పట్టుకుని ప్లాంటుకు వెళ్తాం, లాగ్‌బుక్ చూస్తాం, షిఫ్ట్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడతాం. జవాబులు వచ్చాకే రెండో విడత: ‘నేను ఇచ్చినవి తప్ప సమయం, వ్యక్తి, కారణం ఏవీ చేర్చకు. సమాచారం లేనిచోట సమాచారం లేదు అనే రాయి.’ తర్వాత వర్డ్‌లో పాత పేరా, కొత్త పేరా కంపేర్ పెట్టి, మారిన ప్రతి మాటనూ లాగ్‌బుక్‌తో సరిచూస్తాం. ఇంత చేసినా పాత పద్ధతి కంటే టైమ్ తక్కువే పడుతుంది. ఎందుకంటే రిపోర్టు క్యూఏకీ ప్రొడక్షన్‌కీ మధ్య నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగడం బాగా తగ్గింది.

రూట్ కాజ్ (అసలు కారణం) దగ్గర మాత్రం దీన్ని అస్సలు నమ్మను. కారణం ఖాళీగా వదిలి ‘పూర్తి చేయి’ అంటే దాదాపు ప్రతిసారీ ఆపరేటర్ పొరపాటు, ట్రైనింగ్ సరిపోలేదు, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం అని రాసేస్తుంది. అలాంటి రిపోర్టులు లోకంలో కోకొల్లలుగా ఉన్నాయి కాబట్టి దానికి అదే దారి కనిపిస్తుంది. ఆడిటర్లకు మొట్టమొదట అనుమానం వచ్చేది కూడా ఆ వాక్యం మీదే. అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. చెడిపోయిన స్టీమ్ వాల్వ్ వల్ల జరిగినదానికి నైట్ షిఫ్ట్ కుర్రాడి పేరు పర్మనెంట్ రికార్డులోకి ఎక్కుతుంది. అందమైన వాక్యం ఒకరి ఉద్యోగానికి ముప్పు తేవచ్చని కొత్తగా చేరినవాళ్లకు ఈ ఉదాహరణతోనే చెబుతాను.

2025 జూలైలో యూరోపియన్ కమిషన్ అభిప్రాయాల కోసం బయటపెట్టిన, మందుల తయారీలో ఏఐ వాడకం గురించిన అనెక్స్ 22 ముసాయిదా చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. చాట్‌బాట్‌ల వెనకుండే ఇలాంటి మోడళ్లను కీలకమైన జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాల) పనులకు వాడకూడదని అందులో ఉంది. కీలకం కానిచోట వాడినా, అర్హత ఉన్న మనిషి ఫలితాన్ని చూసి బాధ్యత తీసుకోవాలట. బ్యాచ్ రికార్డులో రిమార్కులు, ముడి డేటా, ల్యాబ్ నోట్లు మేం మొదటినుంచీ దీనికి చూపించట్లేదు.

ఎస్‌ఓపీలకు వస్తే కథ మారుతుంది. అక్కడ మంచి మార్కులు ఇస్తాను. పాత ఎస్‌ఓపీల్లో ఒకే వాక్యంలో మూడు పనులు, చివర్లో ఒక షరతు ఉంటాయి. రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి లోపలికి దిగాలి అని ముందు రాసి, ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందని మీటర్‌తో చూసుకున్నాక అని చివర్లో రాస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇలాంటివాటిని విడగొట్టి, షరతును ముందుకు తెచ్చి, ఒక్కో స్టెప్‌కు ఒక్కో పని పెట్టి ఇస్తుంది. పెద్ద ఎస్‌ఓపీ అయినా విసుగనేది ఉండదు. ఒక జాగ్రత్త: ‘చిన్నది చేయి’ అంటే కనీసం, గరిష్ఠంగా, మించకుండా లాంటి మాటలు రాలిపోతుంటాయి. అందుకని ‘చిన్నది చేయి’ అనడం మానేసి, ‘స్టెప్పులుగా విడగొట్టు’ అంటున్నాం.

మెయిళ్లకు పర్వాలేదు. కోపంలో రాసింది చల్లబరుస్తుంది. దాంతోపాటు గడువును కూడా చల్లబరిచేస్తుంది కాబట్టి తేదీ ఉందో లేదో చూసుకుని పంపండి.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. ప్లాంటులో బోర్డు మీద పెట్టే సేఫ్టీ నోటీసులు తెలుగులో, హిందీలో రాస్తాం. మొదట్లో ఈ టూల్స్ తెలుగును భరించడం కష్టంగా ఉండేది, నెమ్మదిగా కూడా ఉండేవి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు తెలుగు వాక్యాన్ని ముక్కలు చేసే పద్ధతి మారింది. ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో అంతకుముందు 159 టోకెన్లు (ఆ ముక్కల పేరు ఇదే) పట్టిన తెలుగు పేరా 45 టోకెన్లకు దిగింది. ఆ తర్వాత వచ్చిన టూల్స్‌లో వేగం, వ్యాకరణం రెండూ మెరుగయ్యాయి. కానీ వదిలేస్తే ఇప్పటికీ ప్రభుత్వ ప్రకటన ధోరణిలోకి పోతుంది, వాల్వ్‌ను కవాటం చేస్తుంది. ‘ప్లాంటులో మాట్లాడినట్టు రాయి, మెషిన్ల పేర్లు మార్చకు’ అని చెప్పి, మేం రాసిన పాత నోటీసు ఒకటి నమూనాగా ఇస్తే బాగా వస్తోంది. బోర్డు మీద పెట్టేముందు ఒక ఆపరేటర్ చేత చదివించి, ఇప్పుడు ఏం చేయాలో చెప్పమంటాం. ఆయన తడుముకున్నచోట మళ్లీ రాస్తాం.

డబ్బు సంగతి: మెయిళ్లకు, సొంత రాతలకు ఫ్రీ వెర్షన్లు చాలు. చాట్‌జీపీటీ గో 2025 ఆగస్టులో మన దేశంలో నెలకు 399 రూపాయలకు మొదలైంది, రోజంతా వాడేవాళ్లకు అలాంటి ప్లాన్ చూసుకోవచ్చు. కంపెనీ కాగితాలకు మాత్రం ఈ రెండూ వద్దు. కంపెనీ ఇచ్చిన లైసెన్స్ ఉన్న అకౌంట్‌లోనే, అది కూడా ప్రొడక్ట్ పేరు, బ్యాచ్ నంబరు, కస్టమర్ పేరు తీసేశాకే పెట్టండి. మీ కంపెనీలో అలాంటి అకౌంట్ లేకపోతే ఐటీ వాళ్లను, క్యూఏ హెడ్‌ను అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అది వచ్చేదాకా, నేను మొదట్లో చేసినట్టు కల్పిత పేరాలతో సాధన చేయండి. ప్రశ్నలు అడిగించడం అలవాటు కావడానికి అవి చాలు.