అమెరికా ఆర్థికం: ఏ అధ్యక్షుడి హయాం మేలు?

క్లింటన్, ఒబామా, ట్రంప్, బైడెన్‌లలో ఎవరి హయాం మేలన్న ప్రశ్న ప్రతి ఎన్నికకూ తిరిగొస్తుంది. చాలామంది వెంటనే చూపించేది నిరుద్యోగ రేటు. ప్రమాణం చేసిన జనవరిలో ఎంత, దిగిపోయిన జనవరిలో ఎంత అని చూస్తారు. ఆ లెక్కన క్లింటన్ కాలంలో 7.3 నుంచి 4.2 శాతానికి తగ్గింది. జూనియర్ బుష్ దిగేనాటికి 7.8కి పెరిగింది, ఒబామా దిగేనాటికి 4.7కి వచ్చింది. ట్రంప్ మొదటి విడత చివర 6.4, బైడెన్ చివర 4.0.

ఈ లెక్కలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, పని వెతకడం మానేసినవాళ్లను నిరుద్యోగులుగా లెక్కించరు. ఒబామా ఎనిమిదేళ్లలో శ్రామిక భాగస్వామ్య రేటు, అంటే పెద్దవాళ్లలో పనిలో ఉన్నవాళ్లూ పని వెతుకుతున్నవాళ్లూ కలిపి నూటికి ఎంతమందో, 65.7 నుంచి 62.8కి పడింది. అందులో రిటైరైనవాళ్లు ఉన్నారు, నిరాశతో తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే 25–54 ఏళ్లవాళ్లలో నూటికి ఎంతమంది పనిలో ఉన్నారో చూడాలి. చదువులు, రిటైర్మెంట్లు ఈ లెక్కను పెద్దగా చెడగొట్టవు. రెండో చిక్కు, ఆర్థిక వ్యవస్థ ప్రమాణ స్వీకారం తేదీ చూసి మలుపు తిరగదు. మాంద్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో దగ్గర పెట్టుకునే కొలవాలి.

ఇలా చూస్తే బొమ్మ మారుతుంది. 25–54 వయసు రేటు 2000 ఏప్రిల్‌లో 81.9కి చేరింది. దాన్ని ఆ తర్వాతి అధ్యక్షులెవరూ దాటలేదు. 2008 సంక్షోభం తర్వాత అది 75 కిందికి జారింది. ఒబామా దిగేనాటికి 78, కోవిడ్‌కు ముందు ట్రంప్ కాలంలో 80 దాటింది. కోవిడ్‌తో పడిపోయి, బైడెన్ కాలంలో మళ్లీ 80 దాటింది.

ఎవరికి ఏం అందిందన్నది ఇక్కడే తేలుతుంది. క్లింటన్‌కు అందింది వడ్డించిన విస్తరి కాకపోయినా, ఎసరు మరుగుతున్న పొయ్యి. మాంద్యం 1991 మార్చిలోనే ముగిసింది. ఒబామాకు అందింది ఆరిపోయిన పొయ్యి. 2009 జనవరి ఒక్క నెలలోనే సుమారు 8 లక్షల ఉద్యోగాలు పోయాయి. ఆ ఏటి 1.4 లక్షల కోట్ల డాలర్ల బడ్జెట్ లోటును కూడా ఆయన ఖాతాలో రాసేస్తుంటారు, అది సరికాదు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, అంటే ఆ ఏడాది బుష్ ఉండగానే మొదలైంది. ఆయన ప్రమాణం చేయకముందే ఆ లోటు 1.2 లక్షల కోట్లు ఉంటుందని అంచనా వచ్చేసింది.

ట్రంప్ మొదటి మూడేళ్లు నిజంగా బాగున్నాయి, కానీ అది కొత్త ఎక్కుడు కాదు. 2014–16లో సుమారు 80 లక్షల ఉద్యోగాలు పెరిగితే 2017–19లో సుమారు 65 లక్షలు పెరిగాయి. గీత అదే, వాలు కాస్త తగ్గింది. కోవిడ్ నష్టాన్ని ఆయన మీద వేయడం ఎంత అన్యాయమో, కోవిడ్ తర్వాత తిరిగొచ్చిన ఉద్యోగాలన్నిటినీ బైడెన్ ఘనతగా చెప్పడమూ అంతే. 2020 ఫిబ్రవరి స్థాయి 2022 మధ్యలో గానీ అందలేదు, అక్కణ్నుంచి వచ్చినవే అసలు పెరుగుదల. 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం పెరిగిన జీతాలను మింగేసింది.

నా మొగ్గు క్లింటన్ రెండో విడత వైపు. 1997 నుంచి 2000 దాకా ఏటా 4 శాతం పైన వృద్ధి, 3.5 లోపు ద్రవ్యోల్బణం, రికార్డు ఉపాధి, 1998 నుంచి బడ్జెట్ మిగులు. ఈ నాలుగూ ఒకేసారి ఇంకెవరి కాలంలోనూ కనబడవు. మిగులులో సీనియర్ బుష్‌కూ వాటా ఉంది, ఖర్చుకు పరిమితులు పెట్టిన 1990 చట్టం ఆయనది. షేర్ల బుడగ ఇచ్చిన పన్నులూ అందులో ఉన్నాయి. హెచ్-1బీ వీసాల పరిమితి 1,95,000కు పెరిగిందీ ఆ ఊపులోనే, 2000లో. హైదరాబాద్ కుర్రాళ్లకు అమెరికా దగ్గరైన రోజులవి.

కార్టర్, రీగన్‌ల పోలిక వేరే సంగతి. అప్పటి ద్రవ్యోల్బణాన్ని దించింది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి పాల్ వోల్కర్. ఆయన్ను 1979లో నియమించింది కార్టర్, ఫలితం అందుకున్నది రీగన్.