యుకులేలే: ఒంటరి సాధన మేలా, బృంద వాదన మేలా?

గిటారును పోలిన చిన్న వాద్యం యుకులేలే కొన్నవారికి కొద్ది రోజుల్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: గది తలుపు వేసుకుని సొంతంగా సాధన చేయాలా, నలుగురితో కలిసి కూర్చోవాలా? హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్లలోనూ ఈ వాద్యం పట్టినవారు ఇప్పుడు కనిపిస్తున్నారు. వారిలో కళాశాల విద్యార్థులున్నారు, ఉద్యోగం ముగిసిన తర్వాత ఏదైనా నేర్చుకోవాలనుకునే వారున్నారు, పిల్లల కోసం కొని తామే వాయించడం మొదలుపెట్టిన తల్లిదండ్రులూ ఉన్నారు. వీరికి సాధారణంగా దొరికే సలహా, ముందు ఒంటరిగా నేర్చుకుని చేయి తిరిగాక బృందంలో చేరమన్నది. ఆ సలహా సగమే సరైనదని నా అభిప్రాయం. ఒంటరిగా వాయిస్తే లయలోని తప్పు కనబడకుండా పోతుంది, బృందంలో వాయిస్తే స్వరంలోని తప్పు వినబడకుండా పోతుంది. కాబట్టి ఏది మేలన్నది మన లోపం ఎక్కడుందో చూసి తేల్చుకోవాలి గానీ, వాద్యం కొని ఎన్ని నెలలయిందో చూసి కాదు.

ఇది ఎలా జరుగుతుందో వేళ్ల దగ్గరికి వెళ్లి చూద్దాం. యుకులేలేకు నాలుగు తీగలు: జి, సి, ఇ, ఎ. మన గాయకుల లెక్కలో ఇవి అయిదు, ఒకటి, మూడు, ఆరు శ్రుతులు. సి కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) పట్టాలంటే ఎ తీగ మూడో ఫ్రెట్ (వాద్యం మెడ మీది మెట్టు) మీద ఉంగరపు వేలు ఒక్కటి ఆనిస్తే చాలు. అక్కడి నుంచి ఎఫ్ కార్డ్‌కు వెళ్లాలంటే ఆ వేలు ఎత్తి, చూపుడు వేలిని ఇ తీగ మొదటి ఫ్రెట్ మీద, మధ్య వేలిని జి తీగ రెండో ఫ్రెట్ మీద ఒకేసారి దించాలి. కొత్తవారికి ఈ మార్పులో అర సెకను పోతుంది. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు కుడిచేయి ఆ అర సెకను ఆగుతుంది, గొంతులో పాట కూడా మర్యాదగా ఆగుతుంది, వేళ్లు కుదిరాక రెండూ కలిసి బయలుదేరుతాయి. ధ్యాసంతా వేళ్ల మీదే ఉండటం వల్ల, ఆగామన్న సంగతి వాయించేవారికే తెలియదు. నెలల తరబడి ఇలా సాధన చేస్తే ఆ విరామం పాటలో భాగమైపోతుంది.

మా సాయంత్రపు బృందంలో చేరిన ఒక బ్యాంకు ఉద్యోగి విషయంలో ఇదే చూశాను. కార్డులన్నీ శుభ్రంగా పలికేవి, ఒక్క తీగ కూడా మూగబోయేది కాదు. కానీ పల్లవి రెండో పాదానికి వచ్చేసరికి ఆయన అందరికంటే ఒక మాత్ర, అంటే లయలో ఒక దెబ్బ, వెనుక ఉండేవారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. పక్కవారి చేతులు కిందికి వెళుతుంటే తన చేయి పైన ఉండటం ఆయనకే కనిపించింది. ఎఫ్ అందనప్పుడు తీగలు మీటడం మానేసి, చేతిని మాత్రం గాలిలోనే ఆడిస్తూ, తర్వాతి మాత్రకు కార్డ్ పట్టుకోవడం ఆయన అక్కడే అలవాటు చేసుకున్నారు. స్వరం వదిలినా ఫరవాలేదు, మాత్ర వదలకూడదన్న సంగతి ఒంటరి సాధనలో బుర్రకెక్కుతుంది గానీ చేతికెక్కదు.

టిక్ టిక్ అంటూ ఒకే వేగంలో లయ చూపే మెట్రోనోమ్ ఉండగా మనుషులెందుకని అడగవచ్చు. నిజానికి స్థిరత్వంలో ఏ బృందమూ మెట్రోనోమ్‌కు సాటి రాదు. భజనలో కూర్చున్నవారందరికీ తెలిసినట్టే, నలుగురు కలిసి వాయిస్తే ఉత్సాహం పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుంది. ముగింపుకు వచ్చేసరికి పాట మొదలైన నడక ఎక్కడో వెనుక ఉండిపోతుంది. అయినా లయ నేర్చుకోవడానికి బృందమే మెరుగని అంటాను. మెట్రోనోమ్ విసిగిస్తే ఆపేస్తాం, బృందాన్ని ఆపలేం. పైగా మెట్రోనోమ్ పాడదు. పాడేవారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, చరణం చివర ఎక్కడ కొంచెం సాగదీస్తారో గమనించి చేయి నడపడం మనిషి పక్కన కూర్చుంటేనే వస్తుంది. వేగం పెరగకుండా చూసే పని మాత్రం ఎవరో ఒకరికి అప్పగించాలి. అందరి బాధ్యత అనుకుంటే అది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఇప్పుడు రెండో వైపు. పది యుకులేలేలు ఒకే బలంతో మోగినా శబ్దం పది రెట్లు పెద్దగా వినిపించదు. ధ్వని స్థాయి సుమారు 10 డెసిబెల్లు పెరుగుతుంది, చెవి దాన్ని దాదాపు రెట్టింపుగా లెక్కిస్తుంది. ఆ పదింటిలో మీది ఒకటి. మీ వేలు కొంచెం పక్కకు ఒరిగి ఇ తీగ మూగబోయినా, జి సెవెన్ పట్టవలసిన చోట జి పట్టినా ఎవరికీ తెలియదు, మీకు అసలే తెలియదు. ఆ తప్పు మీద మిగతా తొమ్మిదీ దుప్పటి కప్పేస్తాయి. బృందంలోనే పెరిగిన వాద్యకారుడిని ఒంటరిగా వాయించమన్నప్పుడు ఈ లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. వారం పొడవునా ఇంట్లో తీగ తీగా విడిగా మీటి, ప్రతి కార్డ్‌లో నాలుగూ పలుకుతున్నాయా లేదా చూసుకోవడానికి ప్రత్యామ్నాయం లేదు.

శ్రుతి చేయడం కూడా ఇలాంటిదే. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని రోజులు మాటిమాటికీ బిగించాలి. ఇంట్లో ఫోన్‌లోని ట్యూనర్ యాప్ సరిపోతుంది. బృందంలో అదే యాప్ పక్కవారి తీగనూ, ఎదుటివారి మాటలనూ పట్టుకుని పొంతన లేని సంగతులు చెబుతుంది. వాద్యం తల భాగానికి తగిలించే క్లిప్ ట్యూనర్ గాలిలోని శబ్దాన్ని కాక చెక్కలోని కంపనాన్ని గ్రహిస్తుంది కనుక అక్కడ అదే పనికొస్తుంది. బృందంలో చేరేవారు ముందుగా కొనవలసిన వస్తువు ఇదే. అందమైన సంచీ తర్వాత కొనుక్కోవచ్చు.

నా దృష్టిలో ఒంటరి వాదనకు ఉన్న అసలు బలం గొంతు విషయంలో కనిపిస్తుంది. మన దగ్గర యుకులేలే పట్టేవారిలో ఎక్కువమంది పాడుకోవడానికే పడతారు. మగ గొంతులు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతుల మధ్య, ఆడ గొంతులు అయిదు నుంచి ఆరు మధ్య హాయిగా పలుకుతాయి. ఒకటో శ్రుతిలో సి, ఎఫ్, జి సెవెన్ వస్తాయి కాబట్టి యుకులేలేకు అది పుట్టిల్లు. అందుకే కొత్త బృందాలన్నీ అక్కడే మొదలుపెడతాయి, అక్కడే ఆగిపోతాయి. అప్పుడు ఆడవారికి స్థాయి మరీ కిందికి పోతుంది, లేదా పై షడ్జమం దగ్గర గొంతు చిరిగిపోతుంది. చాలామంది ఈ ఇబ్బందిని తమ గొంతు లోపమనుకుని పెదవులు మాత్రం కదుపుతూ కూర్చుంటారు. ఇంట్లో ఒక్కరే ఉంటే ఈ బెడద లేదు. జి, సి, డి సెవెన్ కార్డులు నేర్చుకుని అయిదో శ్రుతిలో పాడుకోవచ్చు, అయిదున్నర కావాలంటే మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) బిగించి అవే కార్డులు పట్టుకోవచ్చు. బృందంలో కాపో వాడాలంటే అందరి దగ్గరా ఉండాలి, అందరూ ఒకే ఫ్రెట్ మీద బిగించాలి, గట్టిగా బిగిస్తే తీగలు కొంచెం పైకి జరుగుతాయి కనుక మళ్లీ శ్రుతి చూసుకోవాలి. ఇంత శ్రమకు ఒప్పుకునే బృందాలు తక్కువ. ఒక పాట ఒకటో శ్రుతిలో పాడితే తర్వాతి పాట అయిదులో పాడాలన్న నియమం పెట్టుకోవడమే తేలిక. ఆ నియమం లేని బృందంలో ఆడవారు కొనసాగడం కంటే ఇంట్లో తమ శ్రుతిలో పాడుకోవడమే మేలని నిర్మొహమాటంగా చెప్పగలను.

బృందమంటే అందరూ ఒకే పని చేయడం అన్న అపోహ కూడా తొలగాలి. దీనికి దూరం వెళ్లనక్కరలేదు. మన ప్రాంతపు ఒగ్గు కథను గమనించండి. బీరప్ప, మల్లన్న కథలు చెప్పేటప్పుడు ప్రధాన కథకుడు ఒకరు ఉంటారు, వంత పాడేవారు ఆయన మాటను అందుకుంటారు, డోలు ఒకరిది, తాళాలు మరొకరివి. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య వంటి గొప్ప కథకుడి వెనుక కూడా ఆ పని విభజన ఉండేది. యుకులేలే బృందాలకు కావలసింది సరిగ్గా ఇదే. మామూలు యుకులేలేలో జి తీగ మిగతా సి, ఇ తీగల కంటే ఎక్కువ స్థాయిలో ఉంటుంది, అన్నిటికంటే కింది స్వరం సి తీగదే. ఎనిమిది మంది అదే వాద్యంతో అదే కార్డ్ ఒకేలా మీటితే కింది స్వరాల ఆసరా లేని ఒక గలగల మాత్రమే మిగులుతుంది. ఒకరు మాత్రకు ఒక్కసారే మీటాలి, ఒకరు వేళ్లతో తీగలు విడివిడిగా పలికించాలి, ఒకరు పాట వరసను ఒంటి తీగ మీద వాయించాలి. ఒకరి దగ్గర డి, జి, బి, ఇ శ్రుతిలో ఉండే బారిటోన్ ఉంటే, లేదా కనీసం ఒక గిటారో ఢోలకో తోడైతే, పాటకు కాళ్లు వస్తాయి. 1985లో ఏర్పడిన యుకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్ వేర్వేరు పరిమాణాల యుకులేలేలకు వేర్వేరు పనులు పంచిపెట్టే పేరు తెచ్చుకుంది.

ఒంటరి వాదనకూ మన దగ్గర గౌరవనీయమైన ఉదాహరణ ఉంది. ఉత్తర తెలంగాణ కాదు గానీ, నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ పాడినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వాద్యం, గొంతు ఒకే మనిషివి అయినప్పుడు మాట దగ్గర ఆగడం, సాగదీయడం, తీగను మధ్యలో మాట్లాడనివ్వడం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. ఆ స్వేచ్ఛ వంతపాటలో దొరకదు. యుకులేలేలో అదే దారిని హవాయికి చెందిన జేక్ షిమాబుకురో చూపించారు. 2006లో అంతర్జాలంలో విస్తృతంగా వ్యాపించిన ఆయన వీడియో చూశాకనే, ఈ బుల్లి వాద్యం ఒక్కటే ఒక కచేరీని మోయగలదని చాలామంది నమ్మారు. అయితే లయ ముందే చేతిలో స్థిరపడినవారికే ఆ స్వేచ్ఛ అందం. లేనివారి చేతిలో అది పైన చెప్పిన అర సెకను విరామమే.

వాద్యం పుట్టుకను కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1879లో మదీరా దీవుల నుంచి వలస వచ్చిన పోర్చుగీసువారు హవాయిలోని హొనలులుకు తెచ్చిన చిన్న తీగవాద్యం నుంచే ఇది రూపుదిద్దుకుంది, అక్కడి కలకౌవా రాజు ఆదరణతో పాటకూ నృత్యానికీ తోడయింది.

మన ఊరి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలిపిన కారులోనో స్కూటర్ డిక్కీలోనో వాద్యాన్ని వదిలితే జిగురు అతుకులు వదులై, తీగలు కట్టే బ్రిడ్జి లేచిపోయే ప్రమాదం ఉంది. బృందం కలవాలంటే ప్రయాణం తప్పదు, ప్రయాణమంటే వాద్యానికి ఎండ దెబ్బ. కనుక వేసవిలో ఇంటి సాధన ఎక్కువగా, కలయికలు సూర్యాస్తమయం తర్వాతే పెట్టుకోవడం మంచిది. ఎక్కడ కలవాలన్నది మరో చిక్కు. భద్రకాళి చెరువు కట్ట మీద గాలి హాయిగా ఉంటుంది గానీ, ఆరుబయట యుకులేలే శబ్దం చెదిరిపోయి ఎదురుగా కూర్చున్నవారికే సరిగా వినబడదు. గోడలున్న చిన్న గది దీనికి నయం. అపార్ట్‌మెంట్లలో, కోచింగ్ హాస్టళ్ల పక్కన ఉండేవారికి ఒంటరి సాధనలో ఒక సౌలభ్యం ఉంది: రాత్రి పది దాటాక కూడా బొటనవేలి కండతో మెత్తగా మీటుకుంటే పక్క గదికి వినబడదు. ఎనిమిది మంది కలిసి ఆ గంటలో వాయిస్తే మాత్రం ఇరుగుపొరుగుతో మాట రాక తప్పదు.

ఉద్యోగాల కోసం హైదరాబాద్ వెళ్లినవారు వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామని ఉత్సాహపడుతుంటారు. ఇది బృంద వాదన కాదని ముందే చెప్పాలి. గదిలో పది మీటర్ల దూరంలో ఉన్నవారి శబ్దం మనకు చేరడానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది, అంతవరకు చేయి సర్దుకుంటుంది. సాధారణ వీడియో కాల్‌లో ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ పోతే నాలుగు పాదాల్లో పాట నిలిచిపోతుంది. ఒకరు వాయిస్తుంటే మిగతావారు మైక్ ఆపుకుని అనుసరించడం ఒక్కటే సాధ్యం. అది రికార్డింగుతో కలిసి వాయించడంతో సమానం. లయకు మంచి సాధనే, కాకపోతే మీ తప్పు ఎవరికీ వినబడదు.

కాబట్టి పాట మధ్యలో ఆగే అలవాటున్నవారు, అది తెలిసినా తెలియకపోయినా, మూడు కార్డులు వచ్చిన మర్నాడే బృందంలో చేరాలి. చేరే బృందం నలుగురు నుంచి ఆరుగురిలోపు ఉంటే మంచిది. అంతకంటే పెద్దదైతే ఎవరి చేయి ఎక్కడుందో కనిపించదు. లయ నిలకడగా ఉండి తీగలు మూగబోయేవారు, శ్రుతి కుదరని బృందంలో చిక్కుకున్నవారు కొంతకాలం దూరంగా ఉండి ఇంట్లో పని చూసుకోవడమే లాభం. ఇద్దరే ఉన్న బృందం ఈ రెంటికీ మధ్యన ఒక మంచి ఏర్పాటు: లయ తప్పితే తెలుస్తుంది, స్వరం తప్పినా తెలుస్తుంది, శ్రుతి మార్చుకోవడానికి ఒక్కరిని ఒప్పిస్తే చాలు. పిల్లల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు, వారిని మొదటి రోజు నుంచే గుంపులో కూర్చోబెట్టాలి. కెనడాలోని హాలిఫాక్స్ పాఠశాలల్లో జె. చామర్స్ డోన్ తరగతి మొత్తానికి ఒకేసారి యుకులేలే నేర్పే పద్ధతిని తీర్చిదిద్దారు, పాడుతూ వాయించడం ఆ పద్ధతికి పునాది. పదేళ్ల పిల్లను గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి సి నుంచి ఎఫ్‌కు వంద సార్లు మారమంటే ఆ వాద్యం వారం తిరిగేసరికి బీరువా మీదికి చేరుతుంది.