ఫోకస్ ఉన్నప్పుడే కనబడే బటన్లు: ‘ఫోకస్-విదిన్’తో నా అనుభవం

మా కార్యాలయంలో వినతులు నమోదు చేసే పేజీలో వ్యాఖ్య రాసే పెట్టె ఒకటి ఉంది. అందులో కర్సర్ పెట్టగానే, అంటే దానికి ‘ఫోకస్’ రాగానే, ‘పంపు’, ‘రద్దు’, ‘ఫైలు జతచేయి’ అనే మూడు బటన్లు కింద కనబడాలి; అక్కడినుంచి బయటికి వెళ్లగానే అవి మరుగున పడాలి. ఈ పనిని మొదట జావాస్క్రిప్ట్‌తో చేశాను. 2020లో పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాషలోని ‘ఫోకస్-విదిన్’ నియమానికి మారాను, నేటికీ దాన్నే వాడుతున్నాను.

పాత పద్ధతిలో అసలు చిక్కు ఘటనల వరుసలో ఉంది. బటన్‌పై మౌస్ నొక్కగానే పెట్టెకు ‘బ్లర్’, అంటే ఫోకస్ పోయిందనే ఘటన, వస్తుంది. క్లిక్ మాత్రం వేలు ఎత్తిన తర్వాతే నమోదవుతుంది. బ్లర్ రాగానే బటన్లను దాచేస్తే క్లిక్‌ను అందుకోవడానికి అక్కడ బటనే మిగలదు. అందుకని 200 మిల్లీసెకన్లు ఆగి దాచేలా రాశాను గానీ, నిదానంగా నొక్కేవారికి ఆ వ్యవధి చాలలేదు.

ఫోకస్-విదిన్‌లో ఈ బెడద చాలావరకు తీరింది. పెట్టె, బటన్లు కలిసి ఉన్న ఫారం లోపల దేనికి ఫోకస్ ఉన్నా నియమం ఫారానికే వర్తిస్తుంది కనుక, ట్యాబ్ కీతో పెట్టెనుంచి బటన్‌కు వెళ్లినా బటన్లు నిలిచే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్, సఫారీ, క్రోమ్‌లలో ఇది 2017లోనే వచ్చింది. ఎడ్జ్‌లో 2020 జనవరిలో వచ్చిన 79వ వెర్షన్ వరకు లేనందున నేను అంతకాలం ఆగవలసి వచ్చింది.

చాలావరకు అన్నాను, పూర్తిగా కాదు. మ్యాక్‌పై సఫారీలో మౌస్‌తో బటన్ నొక్కితే ఆ బటన్‌కు ఫోకస్ రాదు. పెట్టెనుంచి ఫోకస్ పోతుంది, బటన్లు మాయమవుతాయి, మళ్లీ మొదటి కథే. ఫారానికి ట్యాబ్‌ఇండెక్స్ (ఫోకస్ అందుకునే తీరును నిర్ణయించే లక్షణం) విలువ -1 ఇస్తే ఫోకస్ ఫారం మీదే ఆగుతుందని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అంతకన్నా ఎక్కువ ఫిర్యాదులు మరో కారణంగా వచ్చాయి. బటన్ల వరుస మాయం కాగానే కింది భాగం పైకి జరుగుతుంది. పెట్టె కింద ఉన్న లింకును నొక్కబోయిన వారి వేలు ఎత్తేసరికి లింకు అక్కడ ఉండదు. వరుసకు కావలసిన ఎత్తును ముందే కేటాయించి, జాగాను కూడా తీసేసే ‘డిస్‌ప్లే’కు బదులు, జాగాను ఉంచి కనబడకుండా మాత్రమే చేసే ‘విజిబిలిటీ’తో దాచడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదులు ఆగాయి. ఒపాసిటీని సున్నా చేసి, అంటే పూర్తి పారదర్శకంగా మార్చి, దాచడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే కంటికి కనబడని బటన్ నొక్కుడుకు మాత్రం స్పందిస్తూనే ఉంటుంది.

ఫోన్‌లో ఇంకొక తిరకాసు ఉంది. ఐఫోన్‌లో వ్యాఖ్య రాసి, బటన్లు చూద్దామని కీబోర్డు పైనున్న ‘డన్’ నొక్కితే ఫోకస్ కూడా పోయి, చూడబోయిన బటన్లే కనబడకుండా పోతాయి. అందుకే పెట్టెలో ఒక్క అక్షరం ఉన్నా బటన్లు నిలిచి ఉండేలా ప్లేస్‌హోల్డర్-షోన్ నియమాన్ని జోడించాను; ఖాళీ పెట్టెలో కనబడే సూచన పదాలు, అంటే ప్లేస్‌హోల్డర్, కనబడుతున్నాయా లేదా అన్నది అది చూస్తుంది. ప్లేస్‌హోల్డర్ లేని పెట్టెకు ఇది పనిచేయదు. కనీసం ఒక ఖాళీ జాగానైనా ప్లేస్‌హోల్డర్‌గా ఇవ్వాలి.

వ్యాఖ్యల వంటి ఐచ్ఛికమైన ఫారాలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. లాగిన్ ఫారంలోని ‘పంపు’ బటన్‌ను మాత్రం నేను ఏ పద్ధతిలోనూ దాచను.