బెంగళూరు నుంచి చెన్నైకి మూడు దారులు, టోలు డబ్బు వెళ్లే దారి

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చెన్నైతో రాకపోకలు లేనివి తక్కువే. మా పెదనాన్నగారు పెరంబూరులో ఉంటారు కనుక పెళ్లికో, పండుగకో, ఆసుపత్రి పనికో మేము కారులో వెళుతూనే ఉంటాము. కృష్ణరాజపురం, మారతహళ్లి వైపు ఉండే మిత్రులు ఏ దారి మేలని తరచుగా అడుగుతుంటారు. అందుకని ఈసారి వెళ్లేటప్పుడు హోసూరు దారిని, తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరు దారిని పట్టి, రోడ్డు స్థితి, బస, తిండి, టోలు గేట్ల దగ్గరి సేవలు వీలైనంత శ్రద్ధగా గమనించాను.

హోసూరు దారిలో ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెన, అత్తిబెలె, కృష్ణగిరి, వాణియంబాడి, పళ్లికొండ, వాలాజాపేట, శ్రీపెరుంబుదూరు వరుసగా టోలు గేట్లు వస్తాయి. తెల్లవారకముందే సిల్క్ బోర్డు కూడలి దాటగలిగితే కృష్ణగిరి వరకు పెద్ద ఇబ్బంది ఉండదు. కృష్ణగిరి నుంచి వాలాజాపేట వరకు రోడ్డు నిజంగా బాగుంది. వరుసల గీతలు రాత్రిపూట కూడా స్పష్టంగా కనిపిస్తాయి, వాన నీరు రోడ్డు మీద నిలవదు. ఆంబూరులో సీరగ సాంబా బియ్యంతో వండిన బిరియాని, దానితో ఇచ్చే వంకాయ కూర తిన్నాము. శాకాహారులకు ఊరి బయట మంచి టిఫిన్ హోటళ్లు ఉన్నాయి, వాటిలో మరుగుదొడ్లు కూడా శుభ్రంగానే ఉన్నాయి. ఒక టోలు గేటు దగ్గరి మరుగుదొడ్డికి మాత్రం తాళం వేసి ఉండడం వల్ల మాతో వచ్చిన పెద్దవారు చాలా ఇబ్బంది పడ్డారు.

వాలాజాపేట దాటిన తరువాత పరిస్థితి మారిపోతుంది. కావేరిపాక్కం, దామల్, సుంగువార్‌చత్రం మీదుగా శ్రీపెరుంబుదూరు చేరే ఈ భాగంలో ఆరు వరుసల విస్తరణ ఏళ్ల తరబడి సాగుతోంది. వంతెన పని జరిగే ప్రతి చోటా బండ్లను సర్వీసు రోడ్డు మీదకు మళ్లిస్తారు. ఊరి బండ్ల కోసం వేసిన ఆ పలుచని తారు, ఒరగడం అనే ఊరిలోని, శ్రీపెరుంబుదూరులోని కర్మాగారాలకు వెళ్లే భారీ లారీలను మోయలేదు. చీకటి పడిన తరువాత ఒక మళ్లింపులో గుంత కనిపించక మా ముందు టైరు పగిలింది. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేస్తే కిలోమీటరు రాయి సంఖ్య అడిగి గస్తీ బండిని పంపారు. వారు వెనుక ఎర్ర దీపం పెట్టి, టైరు మార్చడం పూర్తయ్యే వరకు మాతోనే నిలబడ్డారు. ఆ సేవకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞుడిని. మరునాడు పంక్చరు వేసిన ఆర్కాటు తెలుగాయన, “వాన పడిన వారమంతా నాకు తీరిక ఉండదు సార్, రిమ్ములే వంగి వస్తాయి” అన్నాడు.

ఇటువంటి రోడ్డుకు పూర్తి టోలు ఎందుకు కట్టాలన్న ప్రశ్న మద్రాసు హైకోర్టు ముందుకు కూడా వచ్చింది. 2020 డిసెంబరులో ఆ న్యాయస్థానం చెన్నై శివారులోని మదురవాయల్, వాలాజాపేట మధ్య ఉన్న రెండు గేట్లలో రోడ్డు బాగుపడే వరకు సగం రుసుమే తీసుకోవాలని ఆదేశించింది. 2025 ఆగస్టులో కేరళలోని పాలియెక్కర గేటు వసూళ్లను అక్కడి హైకోర్టు నిలిపివేయగా, సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. న్యాయస్థానాల దాకా వెళ్లవలసి రావడానికి కారణం నిబంధనలలోనే ఉంది. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల ప్రకారం టోలు ఏటా ఏప్రిల్ 1న 3 శాతం, దానికి తోడు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం చొప్పున పెరుగుతుంది. రోడ్డు నునుపుగా ఉందా, గుంతలు పడిందా అన్నదానితో ఆ లెక్కకు సంబంధం లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

మరమ్మతు డబ్బు ఎవరిదన్నది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. బీఓటీ (సంస్థే రోడ్డు కట్టి, నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించే పద్ధతి) రోడ్డులో టోలును నిర్వాహక సంస్థే ఉంచుకుంటుంది, నిర్ణీత గడువులలో కొత్త తారు పొర వేయడం కూడా దాని బాధ్యతే. హ్యామ్ అనే మిశ్రమ పద్ధతిలో నిర్మాణ వ్యయంలో 40 శాతం పని జరుగుతుండగా, మిగిలినది తరువాత వాయిదాలలో ప్రభుత్వం చెల్లిస్తుంది. నిర్వహణకు విడిగా సొమ్ము ఇస్తుంది. ఈపీసీ (రూపకల్పన నుంచి నిర్మాణం వరకు కాంట్రాక్టరుకు అప్పగించే) పద్ధతిలో ప్రభుత్వమే ఖర్చంతా భరిస్తుంది, లోపాలు సరిచేసే బాధ్యత కొన్నేళ్ల పాటు కాంట్రాక్టరు మీద ఉంటుంది. ప్రభుత్వం స్వయంగా వసూలు చేసే టోలు కేంద్రం ప్రధాన ఖజానా అయిన భారత సంఘటిత నిధికి చేరి, అక్కడి నుంచి బడ్జెట్ ద్వారా తిరిగి రావాలి. దీనికి ముందే పెట్రోలు, డీజిలు మీద మనం సెస్సు కడుతున్నాము. 2000 నాటి చట్టం కింద ఏర్పడిన కేంద్ర రహదారి నిధికి ఆ సెస్సు చేరేది. 2018 సవరణతో అది రహదారి, మౌలిక సదుపాయాల నిధిగా మారి, రోడ్లు కాని పనులకూ పంచుకునే వీలు కలిగింది. కాబట్టి వాలాజాపేటలో కట్టిన రూపాయి వాలాజాపేట గుంతకే చేరుతుందన్న హామీ ఎక్కడా లేదు. ఒప్పందం మధ్యలో ఆగి, కొత్త కాంట్రాక్టు కుదిరే లోపు రోడ్డుకు దిక్కెవరో ప్రయాణికుడికి తెలియదు. ప్రతి గేటు దగ్గరా రుసుముల పట్టిక పక్కనే, ఆ భాగానికి చివరిసారి తారు పొర ఎప్పుడు వేశారో, మళ్లీ ఎప్పుడు వేయాలో రాయాలని నేను కోరుతున్నాను.

తిరుగు ప్రయాణంలో రాణిపేట నుంచి చిత్తూరు, బంగారుపాళెం, మొగిలి ఘాటు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చాము. బస విషయంలో ఈ దారే మేలు. వెళ్లేటప్పుడు వేలూరులో ఆగితే, ఆసుపత్రి చుట్టూ ఉన్న లాడ్జిలు రోగుల బంధువులతో నిండిపోయి గదులు ఇరుకుగా ఉన్నాయి, కారు నిలపడానికి చోటు లేదు. కాణిపాకంలో దేవస్థానం వసతి గది నిరాడంబరంగా ఉన్నా శుభ్రంగా ఉంది, తెల్లవారగానే వరసిద్ధి వినాయకుని దర్శనం కూడా సులువుగా జరిగింది. మొగిలి ఘాటు దిగే బండ్లకు ప్రమాదకరమైనది, రాత్రిపూట వద్దు. ముళబాగిలులో దోసె కోసం ఆగవచ్చు.

మూడవది కొత్త ఎక్స్‌ప్రెస్‌వే. హోసకోట నుంచి శ్రీపెరుంబుదూరు వరకు సుమారు 260 కిలోమీటర్లు ఉండే ఈ దారిలో కర్ణాటకలోని 71 కిలోమీటర్ల భాగం 2024 డిసెంబరులో వాడుకలోకి వచ్చింది. ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ఇంతకుముందు ఒకసారి ఆ భాగంలో వెళ్లి, బేతమంగల దగ్గర దిగి, వి.కోట, పేర్నాంబట్టు మీదుగా పళ్లికొండ చేరాము. రోడ్డు చాలా హాయిగా ఉంది కానీ అప్పటికి దారిలో పెట్రోలు బంకు గాని, మంచినీళ్లు దొరికే చోటు గాని లేవు. వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం వారికి ఇదే దగ్గర. జయనగర్, బీటీఎం వైపు వారికి హోసూరు దారే అనుకూలం.

నెలకొకసారి వెళ్లే సొంత కారు వారికి 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక టోలు పాసు లాభమే. 200 గేట్లు దాటవచ్చు కనుక ఆ మొదటి ధర ప్రకారం గేటుకు 15 రూపాయలే పడేది. అది లేనివారు 24 గంటలలోపు తిరిగి వస్తే రానుపోను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లు చాలు. గుంత కనిపించినప్పుడు 1033కు చెప్పదలచినవారు కిలోమీటరు రాయి సంఖ్యను, ఏ ఊరి వైపు వెళ్లే వరుసో గుర్తుపెట్టుకుని చెప్పి, ఫిర్యాదు సంఖ్యను తప్పక రాసుకోవాలి.