59 డాలర్ల ఫర్నేస్ ట్యూనప్ కూపన్‌తో పిలుస్తున్నారా? ముందు ఇది చదవండి

చికాగో దగ్గర నేపర్‌విల్, అరోరా, ప్లెయిన్‌ఫీల్డ్ వైపు ఇళ్ళున్న మనవాళ్ళందరికీ చెప్తున్నా. చలి పెరిగేసరికి మెయిల్‌బాక్స్ నిండా ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే గ్యాస్ యంత్రం) ట్యూనప్ కూపన్లే. అలాంటి ఒక కంపెనీని మొన్న జనవరిలో పిలిచాం. పేరు రాయను. ఇదే పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ పద్ధతి తెలిస్తే చాలు.

మా సమస్య ఇదీ: థర్మోస్టాట్ 68లో పెట్టినా ఇల్లు వేడెక్కట్లేదు. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే బర్నర్లు వెలుగుతున్నాయి, నాలుగైదు సెకన్లకే ఆరిపోతున్నాయి. మళ్ళీ వెలగడం, మళ్ళీ ఆరడం, చివరికి లాకౌట్, అంటే ఫర్నేస్ తనంతట తనే ఆగిపోవడం. ఎలాగూ ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలి కదా, రెండూ కలిసొస్తాయని పిలిచాం.

వచ్చినతను కింద పావుగంట కూడా ఉన్నట్టు లేదు. పైకొచ్చి హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట, పొగ లోపలుండి ఇంటి గాలిని వేడిచేసే లోహపు గొట్టాలు) పగిలిపోయిందన్నాడు. ఫోన్‌లో ఫోటో చూపించాడు, ఫర్నేస్‌కి "నడపొద్దు" అనే ఎర్ర ట్యాగ్ తగిలించాడు, గ్యాస్ వాల్వ్ మూసేశాడు. మా ఆవిడ చేతిలో పాపని చూసి, "పసిపిల్ల ఉన్న ఇల్లు, ఈ రాత్రి ఇది నడిస్తే..." అని అక్కడితో ఆపేశాడు. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అనే మాట చెవిన పడ్డాక మిగతాది మనమే ఊహించుకుంటాం, అతను చెప్పక్కర్లేదు.

గంట తిరక్కుండానే "కంఫర్ట్ అడ్వైజర్" అని ఒకాయన దిగాడు. సేల్స్‌మనే లెండి. కొత్త ఫర్నేస్, హ్యుమిడిఫయర్, యూవీ లైటు, డక్ట్ క్లీనింగ్ అన్నీ కలిపి 11,900 డాలర్లు. ఇవాళే సంతకం పెడితే 1,500 తగ్గిస్తాడట. పైగా 600 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని నమ్మబలికాడు. టాక్స్ చట్టంలో 25సి సెక్షన్ కింద ఇచ్చే ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31 లోపు బిగించినవాటికే. ఆ ఒక్క ముక్కతోనే మాకు అనుమానం వచ్చింది.

అప్పుడు ఆ ఫోటో మళ్ళీ చూపించమని అడిగాం. అందులో బర్నర్లు అయిదున్నాయి. మాది 80 వేల బీటీయూ (వేడి కొలత) ఫర్నేస్, బర్నర్లు నాలుగే! ఎవరింటి ఫర్నేసో, ఎప్పటి ఫోటోనో. ఆ మాట అడిగితే "యాంగిల్ వల్ల అలా కనిపిస్తుంది" అన్నాడు. బర్నర్ ఎక్కువ కనిపించే యాంగిల్ ఏమిటో నాకైతే అర్థం కాలేదు. ఆలోచించుకుని చెప్తామని పంపించేశాం.

ఫోటో మాది కాకపోయినా పగులు ఉండే అవకాశం ఉంటుంది కదా, అందుకని ఆ రాత్రి ఫర్నేస్ ఆపే ఉంచి పాపతో ఫ్రెండ్ వాళ్ళింట్లో పడుకున్నాం. మర్నాడు సేల్స్‌తో సంబంధం లేకుండా రిపేర్లు మాత్రమే చేసుకునే ఒక పెద్దాయన వచ్చాడు. బోరోస్కోప్ అనే సన్న గొట్టం కెమెరా లోపలికి పెట్టి, ఒక్కో ట్యూబూ స్క్రీన్ మీద మాకు చూపించాడు. తర్వాత పొగలోని వాయువుల్ని కొలిచే కంబష్చన్ అనలైజర్ గొట్టం ఫ్లూలో (పొగ బయటికి పోయే దారిలో) పెట్టి, బ్లోయర్ (ఇంట్లోకి గాలి తోసే ఫ్యాన్) ఆన్ అవకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి రీడింగ్ తీశాడు. పగులుంటే బ్లోయర్ గాలికి మంట కదలొచ్చు, రీడింగ్ మారొచ్చు. మాకు ఏదీ కాలేదు.

అసలు జబ్బు ఫ్లేమ్ సెన్సర్‌ది. చివరి బర్నర్ ముందు పెన్సిల్ కన్నా సన్నటి లోహపు పుల్ల, తెల్ల పింగాణీ మొదలు, ఒకటే వైరు, ఒకటే స్క్రూ. దాన్నుంచి మంట గుండా పారే అతి కొద్దిపాటి (మైక్రోఆంప్స్) కరెంటుని చూసి కంట్రోల్ బోర్డు "మంట ఉంది" అని నిర్ధారించుకుంటుంది. పుల్ల మీద పొర పట్టిందంటే మంట ఉన్నా లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. ఆయన పవర్ ఆపి, దాన్ని ఊడదీసి, సన్న స్టీల్ ఊల్‌తో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఫర్నేస్ నడిచింది. బిల్లు 130 డాలర్ల చిల్లర. కొత్త సెన్సర్ కొన్నా పార్ట్ పెద్ద ఖరీదేం కాదు.

కాబట్టి ఎవరైనా పగులు అంటే మన ఫర్నేస్ లోపలే, మన కళ్ళ ముందే కెమెరాలో చూపించమనండి. అనలైజర్ రీడింగ్ కాగితం మీద రాసిమ్మనండి. డోర్ లోపలి ప్లేటు మీద మోడల్, సీరియల్ నంబర్లు ఫోటో తీసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ చూడండి. చాలా బ్రాండ్లకి హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద 20 ఏళ్ళో, లైఫ్‌టైమో వారంటీ ఉంటుంది. లేబర్ ఖర్చు మనదే. ఇల్లు రీసేల్‌లో కొన్నవాళ్ళకి ఆ వారంటీ తగ్గిపోయి ఉండొచ్చు, అదీ చూసుకోండి. మా సేల్స్‌మన్ నోట వారంటీ అనే మాటే రాలేదు.

ఇదంతా చదివి ఎర్ర ట్యాగ్ పీకేసి ఆన్ చేసుకోకండి. పగిలిన ఎక్స్‌ఛేంజర్ నిజంగానే ప్రాణం మీదికి తెస్తుంది. రెండో మనిషి చూసేదాకా ఆపే ఉంచండి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం ఉండాలి. అది మోగితే కిటికీలు తెరుస్తూ కూర్చోకుండా అందరూ బయటికి వెళ్ళి 911కి ఫోన్ చేయండి. గాలిలో సీఓ 70 పీపీఎం (పది లక్షల్లో 70 వంతులు) ఉంటే ఆ అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. అందుకే మోగలేదు కదా అని తలనొప్పి, వికారాలని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు కాగితాలు ఇవాళే తీయండి. ఇంటికొచ్చి అమ్మినవాటిని, 25 డాలర్లు దాటితే, మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) నిబంధన ఇస్తుంది. శనివారం కూడా పనిదినమే. రిపేర్‌కి మనమే పిలిస్తే ఆ రిపేర్‌కి ఇది వర్తించదు గానీ, వచ్చి అదనంగా అంటగట్టినవాటికి వర్తిస్తుంది. "ఇది ఎమర్జెన్సీ, రద్దు హక్కు వదులుకుంటున్నాను" అని మీ చేతిరాతతో ఏదైనా రాయించుకున్నారేమో ముందు అది చూడండి. మా ముందు ఆ కాగితం కూడా పెట్టారు.