ట్రౌట్‌కి ఏది మేలు: ఏటా గుడ్లు పెట్టడమా, ఒక ఏడు ఆగడమా?

ట్రౌట్ చల్లటి నీళ్లలో బతికే చేప. గుడ్లు పెట్టే వయసొచ్చిన ఆడ ట్రౌట్ పొట్టలో ఒక ఏడు గుడ్లు లేకపోతే, దానికి జబ్బు చేసిందనో నీళ్లు పాడయ్యాయనో అనుకుంటారు. కావచ్చు కూడా. కానీ ఆరోగ్యంగా ఉన్న చేప కూడా ఒక్కో ఏడు ఆగుతుంది.

ఏటా పెట్టడానికి గట్టి కారణం ఒకటుంది. వచ్చే ఏటికి బతికి ఉంటుందో లేదో చెప్పలేం. చిన్న ఏరుల్లోని బ్రౌన్ ట్రౌట్‌కి ఆయుష్షు తక్కువ. వరదలు, కొంగలు, గాలాలు అన్నీ తప్పించుకోవాలి. అలాంటి చేప వాయిదా వేస్తే మళ్లీ అవకాశమే రాకపోవచ్చు.

ఆగడం సంగతి ఇంత తేలిగ్గా తేలదు. కిలో బరువున్న ఆడ బ్రౌన్ ట్రౌట్ సుమారు 1,500 నుంచి 2,000 గుడ్లు పెడుతుంది. ఆ పచ్చసొనంతా దాని ఒంటి కొవ్వు, కండ నుంచే రావాలి. పైగా ఏటికి ఎదురీదాలి, తోకతో గులకరాళ్లు తవ్వి గుడ్లకు గుంట చేయాలి. తర్వాత చిక్కిపోయిన ఒంటితో చలికాలం గడపాలి. మగచేపకు ఇంత ఖర్చు ఉండదు, అందుకే ఆగేవాటిలో ఆడవే ఎక్కువ.

చల్లటి నీళ్లలో వేసవి చిన్నది, మేత తక్కువ. పోయిన బరువు ఒక్క ఏడాదిలో తిరిగి రాదు. కెనడా ఉత్తరాన గ్రేట్ బేర్ సరస్సులో లేక్ ట్రౌట్ రెండు మూడేళ్లకోసారి గుడ్లు పెట్టడం మామూలే. ఉత్తర అమెరికా పడమటి కొండల్లోని బుల్ ట్రౌట్‌లోనూ కొన్ని ఏడు విడిచి ఏడు పెడతాయి.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఈ నిర్ణయం జరిగే సమయం. గుడ్లు పెట్టే రోజుకి చాలా నెలల ముందే, ఒంట్లో నిల్వ ఎంతుందన్నదాన్ని బట్టి అది తేలిపోతుంది. చాలకపోతే మొదలైన గుడ్లను కూడా శరీరం తిరిగి పీల్చేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మేత దొరికినా ఆ ఏటికి ఇక లేనట్టే.

నా లెక్కలో, ఆయుష్షు తక్కువైన చిన్న ఏరు చేపకు ఏటా పెట్టడమే మేలు. ఎక్కువ కాలం బతికే చల్లటి సరస్సు చేపకు ఆగడమే మేలు: ఈలోగా పెరిగితే తర్వాత గుడ్లూ ఎక్కువే.

అందుకే ఒక్క ఏడాది గులకరాళ్ల గుంటలు లెక్కపెట్టి చేపలు తగ్గిపోయాయని తేల్చేస్తే నాకు బాధ. ఆగిన చేపలు ఆ లెక్కలోకి రావు. గాలానికి చిక్కిన ఆడచేపలో గుడ్లు లేవు కదా, పట్టుకుపోతే నష్టమేముంది అనుకునేవాళ్లూ ఉన్నారు. వచ్చే ఏడు గుడ్లు పెట్టాల్సింది అదే కావచ్చు. దయచేసి వదిలేయండి.