టీ.16000ఎం జాయ్‌స్టిక్: ఒరగడం బాగుంది, మెలిక దగ్గరే పేచీ

ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం మొదటిసారి స్టిక్ కొనేవాళ్లు చివరికి రెండింటి దగ్గర ఆగుతారు. ఒకటి లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో, రెండోది థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం. విశాఖలో డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షాపుల్లో అడిగితే లాజిటెక్కే ముందు చూపించే అవకాశం ఎక్కువ. అదేమీ తీసిపారేసే సరుకు కాదు. అయినా కాస్త ఎక్కువ పెట్టగలిగితే థ్రస్ట్‌మాస్టరే మేలు. కాకపోతే దాని లోపమేంటో ముందే తెలుసుకుని కొనాలి.

ముందు మంచి సంగతి. గేమ్‌ప్యాడ్ల బొటనవేలి పుల్లల్లో సాధారణంగా ఉండేది పొటెన్షియోమీటర్, అంటే పాత రేడియోల వాల్యూమ్ నాబ్ లోపల ఉండేదే. కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగినా, మీద దుమ్మూ తేమా చేరినా రీడింగు నిలబడదు. చెయ్యి వదిలేసినా విమానం ఒక పక్కకి ఒరిగిపోతుంటుంది. అందరూ డ్రిఫ్ట్ అనేది దీన్నే. టీ.16000ఎంలో కర్ర అడుగున అయస్కాంతం, దానికెదురుగా ఆ అయస్కాంతం కదలికని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. రెండూ తగలవు కాబట్టి అరగడమన్న మాటే లేదు. కర్ర కదలికని పైకీ కిందికీ 16,384 మెట్లుగా విడదీసి చదువుతుంది, పక్కలకీ అన్నే. లాజిటెక్‌లో ఇవి 1,024. ఈ తేడా మామూలు ఎగరడంలో పెద్దగా తెలీదు, రన్‌వే ముందు ముక్కుని వెంట్రుకవాసి సర్దేటప్పుడు తెలుస్తుంది.

ఇక పేచీ. కర్రని మెలితిప్పితే పనిచేసే రడ్డర్‌కి (విమానం ముక్కుని పక్కలకి తిప్పేది) మాత్రం ఇందులోనూ పొటెన్షియోమీటరే, అదీ 256 మెట్లే. పెట్టె మీద రాసిన హాల్ సెన్సర్ గొప్పంతా ఒరగడానికే, మెలికకి కాదు. పైగా మెలిక ఎక్కువసేపు మధ్యలోనే ఉంటుంది కాబట్టి పట్టీ అక్కడే అరుగుతుంది. ఆర్‌కే బీచ్ నుంచి లాసన్స్ బే కాలనీ దాకా కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో చూసినవాళ్లకి ఉప్పు గాలి దీన్నేం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

మెలిక పాడైతే ఎక్కడ దెబ్బ కొడుతుందో మన విశాఖ ఎయిర్‌పోర్టులోనే చూడొచ్చు. సిమ్యులేటర్లో రన్‌వే 28 మీద (దాదాపు పడమర ముఖంగా) దిగండి, నైరుతి గాలి పెట్టుకోండి. గాలి ఎడమ నుంచి కొడుతుంది, ముక్కు ఎడమకి తిప్పి వస్తారు. నేల తగిలే ముందు కర్రని కుడికి మెలిపెట్టి ముక్కు నేరుగా తేవాలి, అదే క్షణంలో ఎడమకి ఒరిగించి రెక్కని కిందికి పట్టాలి. ఒకే మణికట్టుతో రెండు ఎదురు పనులు. మెలిపెట్టేటప్పుడు కర్ర కొంచెం కుడికి జారడం అందరికీ జరిగేదే. దానికితోడు రీడింగు గంతులేస్తే ల్యాండింగ్ గోవిందా.

పరీక్ష సులువు. విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లిష్‌లో కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. చెయ్యి తీసేసి జెడ్ రొటేషన్ గీతని, అంటే మెలిక గీతని, ఓ నిమిషం చూడండి. వణికితే ముందు గేమ్‌లో ఆ ఒక్క యాక్సిస్‌కే 5 నుంచి 10 శాతం డెడ్‌జోన్ (నడిమి దగ్గర చిన్న కదలికల్ని పట్టించుకోని జాగా) పెట్టండి. ఒరగడానికి పెట్టకండి, కొన్న సున్నితత్వం అంతా పోతుంది. అప్పటికీ తగ్గకపోతే వారంటీ అయిపోయిందో లేదో చూసుకుని, పిడి మరలు విప్పి పొటెన్షియోమీటర్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు భాగాల్ని శుభ్రం చేసే స్ప్రే) కొద్దిగా కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పై నలభై సార్లు తిప్పాలి. పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టాలి. తలుపు బందులకి కొట్టే డబ్ల్యూడీ-40 వద్దు, అది మిగిల్చే జిడ్డు మీద దుమ్ము మళ్లీ పేరుకుంటుంది. పట్టీ నిజంగానే అరిగిపోయి ఉంటే క్లీనర్‌తో వచ్చేది నాలుగు రోజుల ముచ్చటే. కొత్త భాగం టంకం వేయించాలి, లేదా మెలికని లాక్ చేసి, కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్‌కి మారాలి.

చిన్న చిన్నవి మరికొన్ని. కర్ర ప్లాస్టిక్ గుండు మీద తిరుగుతుంది, మధ్యలోంచి కదిలేటప్పుడు కాస్త పట్టేసినట్టుంటుంది. ప్లాస్టిక్‌కి పడే సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలా నయం. పీఠం తేలిక, గట్టిగా లాగితే అంచు లేస్తుంది, కింద రబ్బరు మ్యాట్ తప్పదు. పీఠం మీదున్న థ్రాటిల్ మీట (ఇంజిన్ జోరు సర్దేది) వేలంత, అక్కరకి పనికొస్తుందంతే.

బటన్లు 16: పీఠం మీద 12, పిడి మీద 4. పిడి భాగాలు మూడు విప్పి మార్చుకుంటే ఎడమచేతికీ సరిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్లకే అనుకోకండి. ఎయిర్‌బస్ ఏ320లో కెప్టెన్ కూర్చునేది ఎడమ సీట్లో, సైడ్‌స్టిక్ పట్టేది ఎడమచేత్తో. ఎయిర్‌బస్ నడిపే సరదా ఉన్నవాళ్లకి ఈ ఒక్కటి చాలు. (బీచ్ రోడ్డు మ్యూజియంలో టీయూ-142 విమానం చూసి మోజుపడ్డవాళ్లకి మాత్రం ఇది దగ్గర కాదు, దానికుండేది స్టీరింగ్ లాంటి యోక్.)

ప్లగ్ పెట్టేటప్పుడు కర్రని ముట్టుకోకండి, అప్పుడున్న చోటునే మధ్య అనుకునే ప్రమాదం ఉంది. ఆడనప్పుడు గుడ్డ కప్పండి. షాపులో కొంటే అక్కడి కంప్యూటర్‌కే తగిలించి, మెలికని రెండు పక్కలా పది సార్లు తిప్పి వదిలాక గీత నడిమికి వచ్చి ఆగుతోందో లేదో చూశాకే బిల్లు వేయించండి.